పరుపులంగడి పిల్లకు నిద్ర రాదు

ప్రొద్దుటూరులో 'హాయి పరుపుల అంగడి' ముందు ఒక ఆటో ఆగింది. అందులో మనిషి కనపడలేదు, పరుపు ఒక్కటే కనపడింది. కాసేపటికి ఆ పరుపు కిందినుంచి ఒక యువకుడు పాక్కుంటూ బయటికొచ్చాడు. దాన్ని నెత్తిన పెట్టుకుని అంగట్లోకి నడిచి, గల్లాపెట్టె ముందు ధబీమని పడేశాడు.

"ఈ పరుపు నాకొద్దు. దీని మింద నిద్ర రాలే."

గల్లా దగ్గర కూర్చున్న మసరత్ అతన్ని ఎగాదిగా చూసింది. అంగడి యజమాని దస్తగిరికి ఆమె ఒక్కతే కూతురు. బేరాల్లో నాయన కంటే గట్టిదని బజారులో పేరు.

"ఎప్పుడు కొన్న్యారు?"

"రంజానుకు ముందు."

"అప్పటినుంచి పండుకోని, ఇప్పుడొచ్చి నిద్ర రాలేదంటాండావా?"

"పండుకోలే. దొర్లినా. పండుకునేది వేరే, దొర్లేది వేరే."

"పరుపులో దూది ఉంటాది. నిద్ర యాడుంటాది?"

"అట్లయితే ఆ బోర్డు యాల పెట్టినారు?" అని అతను పైకి చూపించాడు. బోర్డు మీద మూరెడేసి అక్షరాలతో 'ఒరిగితే చాలు, నిద్ర గ్యారంటీ' అని ఉంది. అది దస్తగిరి స్వయంగా ఆలోచించి రాయించిన మాట. దాని జోలికొస్తే ఆయన ఊరుకోడు.

లోపలినుంచి దూది దులుపుకుంటూ వచ్చాడు దస్తగిరి. "మా పరుపు మింద నిద్ర రాని మనిషి ఇంగా పుట్టలేదప్పా. ఈడే పండుకో. నీ కత తేల్చుకుందాం."

అతను పండుకున్నాడు. వార్త బజారంతా పాకింది. బంగారం అంగళ్ల గుమాస్తాలు, సోడాలు కొట్టేవాళ్లు, చీరల బేరం సగంలో వదిలేసిన ఆడవాళ్లు అందరూ చుట్టూ చేరారు. "కండ్లు మూసుకో అప్పా" అని ఒకరు, "అంత గట్టిగా మూసుకుంటే ఎట్ల వస్తాది, మెల్లగా మూసుకో" అని ఇంకొకరు. ఒక ముసలావిడ జోలపాట ఎత్తుకుంది. అతను మాత్రం ఫ్యాను వంక గుడ్లప్పగించి చూస్తూనే ఉన్నాడు.

చివరికి నిద్రపోయింది ఆటో డ్రైవరు. బాడుగ కోసం కాచుక్కూచున్నవాడు పక్క పరుపు మీద ఒరిగి గురక పెట్టాడు.

"చూసినావా! లోపం పరుపులో లే, నీలో ఉండాది," అని దస్తగిరి తీర్పు చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు.

మసరత్ చప్పట్లు కొట్టలేదు. ఆమె ఆటో డ్రైవరునే చూస్తూ ఉంది, ఆకలిగొన్న మనిషి పక్కవాడి విస్తరి చూసినట్టు. పరుపు నెత్తిన పెట్టుకుని వెళ్లిపోతూ ఆ యువకుడు ఒకసారి వెనక్కి తిరిగాడు. అతని కళ్ల కింద నల్లటి వలయాలు ఉన్నాయి. అలాంటివే ఆమె రోజూ పొద్దున పౌడరుతో కప్పుకుంటుంది.

ఆమెకు నిద్ర కరువై చాలా నెలలైంది. నిద్రతో పాటు ఆకలి, నవ్వు, కొత్త గాజుల మీద ఆశ కూడా పోయాయి. ఒకసారి ధైర్యం చేసి నాయనకు చెప్పింది. ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పరుపులంగడోని బిడ్డకే నిద్ర రాదంటే ఇంగ మన పరుపులు ఎవురు కొంటారు పాపా? ఎవురితోనూ అనాకు. గమ్మునుండు."

అప్పటినుంచి ఆమె గమ్మునుంది.

*

తెలిసినవాళ్లు ఉండరని పులివెందుల దాకా వెళ్లింది. చీనీ బత్తాయిల మండీ దాటాక ఒక మేడ మీద స్వర్ణలత అని మానసిక వైద్యురాలు ఉంది. మసరత్ చున్నీని ముక్కు మీదుగా చుట్టుకుని బెంచీ చివర కూర్చుంది. అవతలి చివర ఒకతను మాస్కు, టోపీ, నల్లద్దాలు పెట్టుకుని, మెడకు మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు. బయట ఎండ పెనంలా కాలుతోంది.

"పన్ను నొప్పా?" అన్నాడతను మర్యాదగా.

"అవును. మీకు?"

"నాకూ పన్నే."

ఇద్దరూ ఎదురుగా ఉన్న బోర్డు చూశారు. అందులో పళ్ల ప్రస్తావన ఎక్కడా లేదు. ఉక్కకు తట్టుకోలేక అతను నల్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కళ్ల కింది వలయాలు చూడగానే ఆమె గుర్తుపట్టింది.

"దొర్లే మనిషి!"

"హాయి పరుపులు!" అన్నాడతను అంతకంటే గట్టిగా. "నువ్వీడేం చేస్తాండావు? మీ ఇంటి నిండా పరుపులే గదా!"

"మెల్లగా అరువు! ఎవురన్నా వింటే మా నాయన అంగడి మూసుకోవాల. ఈ మాట బయట చెబితే చూడు."

"చెప్పను. చెప్పేంత ధైర్యముంటే ఈడికి ఎందుకొస్తా?"

అలా పేర్లు తెలిశాయి. అతను అమ్జద్, ఊరు జమ్మలమడుగు. కువైట్‌లో రొట్టెల బట్టీ దగ్గర రాత్రి డ్యూటీలు చేసి తిరిగొచ్చాడు. ఇప్పుడు సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాడు. కువైట్ వదిలినా రాత్రి డ్యూటీ అతన్ని వదల్లేదు, ఊరికి తిరిగొచ్చాక ప్రతిదానికీ భయం కూడా తోడైంది.

స్వర్ణలత ఇద్దర్నీ విడివిడిగా చూసింది, విడివిడిగా ఒకే మాట చెప్పింది. "మనసు బాగలేకుంటే నిద్ర చెడతాది. నిద్ర చెడితే మనసు ఇంకా చెడతాది. రెంటికీ కలిపే వైద్యం చెయ్యాల." మసరత్‌కు మాత్రలు కూడా రాసింది. తర్వాత షరతులు మొదలుపెట్టింది. నిద్ర ముంచుకొచ్చేదాకా మంచం ఎక్కకూడదు. ఎక్కినాక రాకపోతే దిగిపోవాలి. ఎప్పుడు పండుకున్నా పొద్దున ఒకే వేళకు లేవాలి. పగలు కునుకు తీయకూడదు. మంచం మీద తినడం, ఫోను చూడడం, దిగులుపడడం బంద్.

"మరి దిగులు యాడ పడాల మేడం?" అని అడిగాడట అమ్జద్.

"కుర్చీలో. సాయంత్రం అయిదింటికి. చింతకు ఒక టైము పెట్టుకో, ఆ టైములోనే చింతపడు. మిగతా టైములో వస్తే రేపు రా అని చెప్పు. వచ్చిన ప్రతి చింతనూ 'నీకు ఆధారం ఏంది?' అని నిలదీయి."

బస్టాండులో ఇద్దరూ చీనీ రసం తాగుతూ షరతులు పోల్చుకున్నారు. అమ్జద్ గ్లాసులో చూస్తూ నసిగాడు. "ఒక్కన్నే కూచ్చోని చింతపడాలంటే దిగులుగా ఉండాది. ఫోన్లో... ఇద్దరం కలిసి పడదామా?"

ఆడపిల్లను ఫోన్ నంబరు అడగడానికి ఇంత దిక్కుమాలిన కారణం లోకంలో ఇంకెవరూ చెప్పి ఉండరు. మసరత్‌కు నవ్వు రావాల్సింది, రాలేదు. కానీ నంబరు మాత్రం ఇచ్చింది.

*

సాయంత్రం అయిదు కాగానే మసరత్ దూది మూటల వెనక కుర్చీ వేసుకునేది. ఫోను మోగేది.

"ఈ పొద్దు నీ చింతేంది?"

"ఒకాయన ఫోను బాగుచేసి ఇచ్చినా. ఇప్పుడు దాంట్లో ఆయనకు ఏదన్నా చెడ్డవార్త వస్తే, నన్నే తిడతాడు గదా?"

"ఆధారం ఏంది?"

"ఆయన మొగం అట్లనే ఉండాది."

"మొగం ఆధారం కాదు. తర్వాత?"

"గండికోట గోడ కూలితే?"

"కూలితే పెన్నలో పడతాది. నీ మింద యాల పడతాది?"

"ఆ... అది నిజమే." అటువైపు హమ్మయ్య అని ఊపిరి వదిలిన చప్పుడు. "శానా థ్యాంక్స్. ఇంగ నీది చెప్పు."

తన వంతు వచ్చేసరికి ఆమె ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. దూది ధర, ఎలుకలు, కరెంటు. ఒక సాయంత్రం వాన మొదలైంది. అంగడి రేకుల మీద చినుకుల మోతలో తన గొంతు తనకే సరిగా వినపడలేదు. బహుశా అందుకే చెప్పగలిగింది.

"నాకు చింత లేదు అమ్జద్. అదే నా చింత. ఏదీ అనిపించదు. మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలే. వాకిట్లో అమ్మ మంచం తిరగేసి పెట్టినారు. పైకి లేసిన ఆ మంచం కోళ్లనే చూస్తా నిలబడినా. అందరూ రాతిగుండెది అన్న్యారు. నేను నిజంగా రాయినేమో."

"ఆధారం ఏంది?" అన్నాడు అమ్జద్.

"కండ్లల్లో నీళ్లు రాలే గదా."

"అది నీళ్లు రాలేదనేదానికే ఆధారం. నువ్వు రాయి అనేదానికి కాదు."

గండికోట గోడకు భయపడే మనిషి ఆ మాట తడబడకుండా అన్నాడు. మసరత్ దాన్ని కొంగున ముడేసుకున్నట్టు దాచుకుంది. మర్నాడు అమ్మ పరుపులు కుట్టిన పెద్ద సూది వెతికి తీసి, తనూ కుట్టడం మొదలుపెట్టింది. ఏదో ఒక పని చేతికి తగిలించుకోమని డాక్టరమ్మ చెప్పనే చెప్పింది. కొన్నాళ్లకు ముక్కలు ముక్కలుగా నిద్ర రావడం మొదలైంది. ముక్క అయినా నిద్ర నిద్రే. పగలంతా అయిదు ఎప్పుడవుతుందా అని గడియారం చూసేది. చింతపడడానికి ఇంత ఉబలాటం ఏమిటని తన్ను తనే తిట్టుకుంది.

*

ఒక సాయంత్రం అయిదు దాటింది. ఫోను మోగలేదు. మసరత్ తనే చేసింది. ఎత్తినవాడి గొంతు కొత్తది.

"రహమతుల్లా మాట్లాడతాండానమ్మా, పక్కింటోన్ని. అమ్జదా? ఇంగ యాడి అమ్జదమ్మా!" ముక్కు చీదిన చప్పుడు. "మంచం తిరగేసినారు. ఎండకు ఎండి పొయినట్టు చిక్కి పొయినాడు బిడ్డ. నిద్రలేక పొయినాడు."

మసరత్ చేతిలోంచి ఫోను దూదిలో పడింది. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తింది. దస్తగిరి అంగడి షట్టరు సగం లాగి వెనకాలే పరిగెత్తాడు.

"ఏమాయె పాపా? ఎవురు పొయినారు?"

"పరుపు వాపసు తెచ్చినోడు నాయనా!"

జమ్మలమడుగు బస్సులో కూర్చున్నాక గాని దస్తగిరికి ఆ మాట ఒంటబట్టలేదు. మొహం పాలిపోయింది. "అల్లా! మన పరుపు మిందనే పొయినాడా?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. లోపల ఏదో కదిలింది. అది పైకొచ్చి, కళ్లలోంచి దుమికింది. మసరత్ ఏడ్చింది. అమ్జద్ కోసం మొదలుపెట్టి, మధ్యలో అమ్మ కోసం ఏడ్చింది. అమ్మ మంచం కోళ్ల కోసం, అమ్మ సూది కోసం ఏడ్చింది. ముందు సీటు ముసలామె నీళ్ల సీసా ఇచ్చింది, అవి తాగి మళ్లీ ఏడ్చింది. ఆమెకు దుఃఖంగా ఉంది. అంత దుఃఖంలోనూ, 'నాకు ఏడుపు వచ్చింది' అని అతనికి ఫోను చేసి చెప్పాలనిపించింది. చెప్పడానికి అతను లేడని గుర్తొచ్చి ఇంకా ఏడ్చింది.

*

అసలు జరిగింది ఇది. ఆ మధ్యాహ్నం అమ్జద్ తల్లి ఖమర్‌బీ ఊర్లోనే చుట్టాలింటికి వెళ్లింది. సంగటి తిన్న అమ్జద్‌కు కళ్లు మూతలు పడ్డాయి. పగటి కునుకు నిషేధం కదా, మంచం మీద మనసు పోకుండా దాన్ని ఎత్తి వాకిట్లో తలకిందులుగా పెట్టాడు. ఆ వీధిలో హిందువులు గానీ సాయబులు గానీ, మనిషి పోతే తప్ప మంచం తిరగేయరు. ఆ సంగతి అతనికి ఆ మత్తులో తట్టలేదు. ఫోను మంచం పక్కనే, అరుగు మీద చార్జింగులో పెట్టాడు. అయినా నిద్ర ఆగలేదు. ఎవరైనా చూసి డాక్టరమ్మకు చెబుతారని భయపడి, తను గొడవపడ్డ ఆ పరుపునే చుట్టుకుని పెరట్లో మేకల కొట్టంలోకి దూరాడు.

వాకిట్లో మంచాన్ని రహమతుల్లా చూశాడు. తర్వాత అంతా వీధి చూసుకుంది. తల్లి రాకుండా లోపలికి పోవడం బాగుండదని అందరూ బయటే ఏడ్చారు. ఖమర్‌బీని పిలుచుకొచ్చారు, ఆమె మంచం చూడగానే అక్కడే కూలబడింది. షామియానా వచ్చింది, కుర్చీలు వచ్చాయి, టీ మరిగింది.

మసరత్ ఆ గుంపును తోసుకుని వచ్చేసరికి, తల నిండా గడ్డిపోచలతో ఒక మనిషి ఇంటి పక్క సందులోంచి వచ్చి, వినయంగా చేతులు కట్టుకుని వెనక వరసలో నిలబడ్డాడు.

"ఎవురు పొయినారు?" అని పక్కాయన్ను అడిగాడు.

"అమ్జదంట. మంచోడు పాపం," అన్నాడు పక్కాయన తిరిగి చూడకుండానే.

"మా ఇంటి ముందర... అంటే నేనేనా?" అమ్జద్ తన మణికట్టు తనే పట్టుకున్నాడు. ఇన్నాళ్లూ భయపడ్డవన్నీ ఒకవైపు, ఇది ఒకవైపు. "అందుకేనా అంత బాగా నిద్రపట్టింది! మామా, కొంచెం ఈ నాడి పట్టి చూడు."

పక్కాయన తిరిగి చూసి, టీ గ్లాసుతో సహా పడిపోయాడు. జనం కేకలు పెట్టి రెండుగా చీలిపోయారు. మధ్యలో మసరత్ ఒక్కతే మిగిలింది.

"మసరత్," అన్నాడతను బిక్కచచ్చి. "అందరూ పొయినా అంటాండారు. నేను బతికుండాననేదానికి ఆధారం ఏంది?"

మసరత్ దగ్గరికి నడిచింది. చెంప ఛెళ్లుమనిపించింది.

"ఇదీ ఆధారం!"

అమ్జద్ చెంప తడుముకున్నాడు. "మండుతాంది," అన్నాడు సంతోషంగా.

"నువ్వు పోతే సాయంత్రం అయిదింటికి నేను ఎవురితో చింతపడాల? నాకూ నిద్ర రాదని ఎవురికి చెప్పుకోవాల? నువ్వంటే నాకు ఇష్టమని ఎవురికి..." మాట పూర్తికాక మళ్లీ ఏడ్చింది.

అతను ఆమె మొహం వంకే చూశాడు. "నా కోసం ఏడ్చినావా?"

"బస్సులో దారంతా ఏడ్చినా."

"అయితే నువ్వు రాయి కాదు. ఆధారం దొరికింది." అతని కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. "నేనూ ఒకటి చెప్పాల. నాకు నిద్ర వస్తాండాది. డాక్టరమ్మకు చెప్పలే. చెబితే అయిదు గంటల ఫోను ఇంగ వద్దంటాదేమోనని."

ఖమర్‌బీ లేచొచ్చి కొడుకును ఒక దెబ్బ వేసి, ఒక ముద్దు పెట్టి, మళ్లీ ఒక దెబ్బ వేసింది. తర్వాత మసరత్ గడ్డం పట్టుకుని, "ఎవురి బిడ్డవమ్మా?" అంది.

"షామియానా ఎట్లాగూ వేసినాం, కుర్చీలు ఉండాయి," అని రహమతుల్లా తన తప్పు దిద్దుకోబోయాడు. "నిశ్చితార్థం చేసేద్దాం!"

ఇంతలో గుంపులోంచి ఒక గొంతు లేచింది. "ఆయప్ప ప్రొద్దుటూరు పరుపుల దస్తగిరి గదా? సొంత కూతురికే నిద్ర రాదా? మరి ఆ గ్యారంటీ బోర్డేంది?" నలుగురు నవ్వారు.

దస్తగిరి మొహం మాడిపోయింది. ఖమర్‌బీకి జవాబు కూడా చెప్పకుండా కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "పా పాపా. మనూరి మింద పొయ్యే కడప బస్సు తప్పిపోతాది."

*

బస్సులో నాయన టిక్కెట్లు తీసుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాడు. మసరత్ కిటికీలోంచి చూసింది. చీకటి పడుతోంది. అంతా అయిపోయిందనుకుంది. అంగడి పరువు పోయింది, నాయన మనసు విరిగింది, అమ్జద్ వెనకే ఉండిపోయాడు. ఒక్కొక్కదానికీ ఆధారం ఏంది అని అడగబోయింది. అడిగేంత ఓపిక లేదు. ఇనుప సీటు గుచ్చుకుంటోంది, కిటికీ అద్దం దడదడమంటోంది. అంతవరకే ఆమెకు గుర్తుంది.

కళ్లు తెరిచేసరికి బస్సు ఆగి ఉంది. తల నాయన భుజం మీద ఉంది. ఆయన మేకు కొట్టినట్టు కదలకుండా కూర్చున్నాడు. బయట లైటు వెలుగులో 'కమలాపురం' అన్న బోర్డు కనపడింది.

"ఇదేంది నాయనా? ప్రొద్దుటూరు?"

"ఎప్పుడో పాయ," అన్నాడు దస్తగిరి గుసగుసగా.

"లేపొచ్చు గదా!"

"ఎట్ల లేపేది?"

ముందు సీటులోని ఆడమనిషి ఇటు తిరిగింది. ఆమె కూడా గుసగుసగానే మాట్లాడింది. "ప్రొద్దుటూరు బస్టాండులో డ్రైవరు హారన్ కొట్టబోతే, మీ నాయన కూచ్చున్న కాడినుంచే చేతులెత్తి దండం పెట్టినాడమ్మా. 'నేను హాయి పరుపుల దస్తగిరిని. నా బిడ్డకు నిద్ర రాదు. మా పరుపు మింద గూడా రాదు. ఈ పొద్దు వచ్చింది. సప్పుడు చెయ్యాకండప్పా' అన్న్యాడు. బస్సులో సగం మంది మీ ఊరోళ్లే. అందరికీ వినపడింది."

ఆ బస్సు ప్రొద్దుటూరునుంచి కమలాపురం దాకా హారన్ లేకుండా వచ్చింది. ఎద్దుల బండి అడ్డమొస్తే కండక్టరు దిగి చేతులతో బతిమాలుకున్నాడట.

మసరత్ నాయనను చూసింది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పొద్దన్న మాటను ఆయనే ఊరంతటికీ చెప్పుకున్నాడు. ఆమెకు మళ్లీ ఏడుపొచ్చింది. ఈసారి అది సులభంగానే వచ్చింది.

"అప్పుడు గమ్మునుండు అంటి నీతో," అన్నాడు దస్తగిరి. "అది తప్పు పాపా. రేపే ఆ బోర్డు పీకేస్తా."

"సాయంత్రం పూట నిద్రపోతే డాక్టరమ్మ తిడతాది నాయనా."

"తిట్టనీ. ఆ తిట్లు నేను పడతా. అది సరే, ముందు దిగు. ఆ పిల్లోడు జమ్మలమడుగునుంచి ఎనకే వస్తాండాడు. హెడ్‌లైటు నీ కండ్ల మింద పడతాందని ఆర్పమని సైగ చేస్తి. ఆర్పి, గుంతలో పడినాడు."

కింద స్కూటరు పక్కన అమ్జద్ నిలబడి ఉన్నాడు. మోకాళ్ల దాకా బురద. చేతిలో ఒక జత ఆడవాళ్ల చెప్పులు ఉన్నాయి.

"మా అమ్మీవి. నువ్వు ఒట్టికాళ్లతో వచ్చినావని ఇచ్చి పంపింది. జవాబు తీసుకోకుండా ఇంటికి రావద్దనింది."

దస్తగిరి అతన్ని కాసేపు చూశాడు. "మేకల కొట్టంలో నిద్రపోయింది మా పరుపు మిందనేనా?"

"దాని మిందనే మామా. శానా బాగా పట్టింది."

దస్తగిరి మీసం దువ్వుకున్నాడు. "అంటే లోపం పరుపులో లేదన్నట్టే గదా. శుక్రవారం నమాజు అయినాక మీ అమ్మను పిలుచుకోని రా. మాట్లాడుకుందాం." అలా అనేసి, ముగ్గురికీ టీ చెప్పడానికి నడిచాడు. కూతురు లేచి చాలాసేపైనా ఆయన ఇంకా గుసగుసగానే మాట్లాడుతున్నాడు.

మసరత్ చెప్పులు వేసుకుంది. అవి రెండు వేళ్లంత పెద్దవి. అమ్జద్ తల గోక్కున్నాడు.

"నాకొక చింత పట్టుకుంది మసరత్. పెండ్లయినాక నీకు నేను నచ్చకపోతే..."

ఆమె అతని జుట్టులో మిగిలిన గడ్డిపోచ తీసి పడేసింది. నవ్వింది. ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"ఇది ఆ టైము కాదు," అంది. "రేపు అయిదింటికి ఫోను చెయ్యి."